లై, లే: 'పడి ఉంది' అనడానికి ఏది రాయాలి?

ఇంగ్లిష్‌లో లై (lie) అంటే తనంతట తాను పడుకోవడం, లే (lay) అంటే దేన్నైనా పెట్టడం లేదా పడుకోబెట్టడం, ఇంతవరకు బాగానే అర్థమైంది. చిక్కంతా భూతకాలంలోనే. లైకి రెండో రూపం మళ్లీ లే (lay), మూడోది లెయిన్ (lain). లేకి రెండూ లెయిడ్ (laid). అబద్ధమాడే లై వేరు, దానికి లైడ్ (lied). రెండు వారాలుగా పట్టిక బట్టీ పడుతున్నా రాసేటప్పుడు చెయ్యి ఆగిపోతోంది. నిన్న మెయిల్‌లో 'ఫైల్ సోమవారం నుంచి టేబుల్ మీదే పడి ఉంది' అనడానికి 'హ్యాజ్ లెయిడ్' అని రాస్తే గ్రామర్ చెకర్ ఏమీ అనలేదు, కానీ ఫైల్ తాను దేన్నీ పెట్టడం లేదు కదా, తప్పేననిపించి తీసేశాను. 'హ్యాజ్ లెయిన్' అని ఎవరైనా అనగా నేనెప్పుడూ వినలేదు. మామూలు ఆఫీసు మెయిల్‌లో ఇక్కడ 'హ్యాజ్ లెయిన్' రాయాలా, 'హ్యాజ్ బీన్ లైయింగ్' (lying) రాయాలా?