30వ తేదీ బెంగళూరు తెలుగు రాతగాళ్ల సాయంత్రం: పనుల పంపకం (హాలు లేదన్నారు, అందరూ చూడండి)

హెబ్బాళ అన్నయ్య, గురువారం 20, రాత్రి 9:10
ప్రింటు షాపాయన రేపు సాయంత్రంలోగా ఫైళ్లు ఇమ్మంటున్నాడు. శనివారం నుంచి ఆయనకి పెళ్లికార్డుల పనట. ఎవరి పని ఎంతవరకు వచ్చిందో ఈ రాత్రే చెప్పండి.
1. వేదిక వెనక బ్యానరు, 12 అడుగులకి 8 అడుగులు
2. పద్నాలుగుమంది రాతగాళ్లకి సత్కార పత్రాలు
3. మైసూరు పేట (తలపాగా), శాలువా, గంధపు హారం, పండ్ల బుట్ట, తలా ఒకటి
4. ముఖ్య అతిథికి కారు
5. మైకులు రెండు, ఒకటి కార్డ్‌లెస్
6. సరదా ప్రశ్నలు
7. భోజనాలు
మన సభ గిడుగువారి పుట్టినరోజుకి మర్నాడే కనక బ్యానరు మీద కుడివైపు ఆయన బొమ్మ రావాలి.

ఫాంట్ల తమ్ముడు, 9:32
పత్రాల ప్రూఫు చూశాను. ‘సత్కారం’ అన్న మాటలో క ఒత్తు ఊడిపోయి త పొల్లుగా పక్కన కూర్చుంది. షాపులో ఇలస్ట్రేటర్‌లో తెరిచారు, కంపోజర్‌ని (అక్షరాలు పేర్చే సెట్టింగుని) వరల్డ్-రెడీకి మార్చలేదు. అలా మార్చకపోతే తెలుగులో ఏ ఒత్తూ నిలబడదు. పాత ‘అను’ (తెలుగు టైపింగు సాఫ్ట్‌వేర్) ఫైలు ఇద్దామంటే అక్కడ కన్నడవాళ్ల ‘నుడి’ ఉంది గాని ‘అను’ లేదు, తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం వస్తుంది. నేనే లిబ్రేఆఫీస్‌లో మండలి ఫాంటుతో చేసి, ఫాంటు లోపలే ఇమిడేలా పీడీఎఫ్ పంపుతాను. దయచేసి షాపుకి ఎవరూ వర్డ్ ఫైలు పంపకండి.

మారతహళ్లి అక్క, 10:05
ఆ పనులన్నీ ఒక్క నిమిషం ఆపండి. అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్ కమిటీ నుంచి ఇప్పుడే మెయిలొచ్చింది, హాలు ఇవ్వరట. నివాసి సొంత ఇంటి శుభకార్యానికైతేనే ఇస్తారట, టిక్కెట్టు పెట్టిన కార్యక్రమం ఆ లెక్కలోకి రాదట. మన పోస్టరు వాళ్ల చేతికి ఎలాగో చేరింది. దాని మీద “ప్రవేశ రుసుము ₹250” అని పెద్దక్షరాలతో ఉంది మరి.

కోశాధికారి, 10:11
కట్టింది అద్దె 12,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 2,160, డిపాజిట్ 10,000. మొత్తం 24,160. ఎప్పుడు వెనక్కిస్తారు?

మారతహళ్లి అక్క, 10:14
పూర్తిగా ఇస్తారట, కాని పదిహేను పనిదినాల్లో.

కోశాధికారి, 10:20
అంటే సభ అయిపోయాక. ఖాతాలో ఇప్పుడు 7,240 ఉంది. కొత్త చోటు, కుర్చీలు, తిండి అన్నీ అందులోనే సరిపెట్టుకోవాలి. పేటల షాపుకి ఇంకా అడ్వాన్సు ఇవ్వలేదు, ఇవ్వకండి.

కగ్గదాసపుర బాబాయి, 10:26
రుసుము అని రాయమన్నది ఎవరు? మీటింగులో చందా అనుకున్నాం కదా. రెండూ ఒకటే అనుకునేవాళ్లకి అపార్ట్‌మెంటు బైలాలు చదివి వినిపించాలి.

ఫాంట్ల తమ్ముడు, 10:29
నాకు ఏ మాటలు ఇస్తే అవే పెడతాను బాబాయిగారూ. ఆ మాటలు ఇచ్చినవాళ్లు ఇక్కడే ఉన్నారు.

హెబ్బాళ అన్నయ్య, 10:33
పోస్టరు రెండు రోజులు గ్రూపులో ఉంది. అప్పుడు ఒక్కరూ నోరు మెదపలేదు. ఇప్పుడు మాత్రం అందరికీ బైలాలు కంఠస్థం.

బాబాయి, 10:35
నేను నోరు మెదిపాను. మీరే చదవలేదు. పైకి వెళ్లి చూసుకోండి.

జయనగర్ పిన్ని, 10:41
ఇద్దరూ ఆపండి నాయనా. పోస్టరు తిరిగి తిరిగి ఊరంతా చుట్టేసింది, ఇప్పుడు పోట్లాడితే వెనక్కి రాదు. వంటకి ఎంతమంది, గ్యాస్ ఉన్న చోటా లేని చోటా, నాకు ఆ రెండే చెప్పండి.

మారతహళ్లి అక్క, శుక్రవారం 21, ఉదయం 7:50
పొద్దున్నే నాలుగు చోట్లకి ఫోన్ చేశాను. హోటలు పార్టీ హాలు: ప్లేటు 450, కనీసం 50 ప్లేట్లు, అంటే 22,500. బడి ఆడిటోరియం: ఆదివారం వాచ్‌మన్ లేడు. దగ్గర్లోని ఇంకో అపార్ట్‌మెంటు హాలు: ఈ ఆదివారమూ వచ్చే ఆదివారమూ ఓనం సద్యలకి (మలయాళీల పండగ విందులకి) ఇచ్చేశారు. నాలుగోచోట ఫోన్ ఎత్తలేదు.

హెబ్బాళ అన్నయ్య, 8:05
కబ్బన్ పార్కు? ఆదివారం లోపలికి బళ్లు కూడా రావు, ప్రశాంతంగా ఉంటుంది.

బాబాయి, 8:12
బ్యానరు కట్టాలన్నా మైకు పెట్టాలన్నా ఉద్యానశాఖ అనుమతి ఉండాలి, తొమ్మిది రోజుల్లో అది అయ్యే పని కాదు. పైగా ఆగస్టు సాయంత్రాలు. ముందురోజు వాన పడిందంటే గడ్డి మీద డెబ్బై ఏళ్లవాళ్లని కూర్చోబెట్టలేం. డాబా మీద అన్నా ఇదే సంగతి.

కోశాధికారి, 8:15
ముఖ్య అతిథికి ఎవరైనా చెప్పారా?

(దీనికి జవాబు లేదు)

చిట్టీల చెల్లెలు, 8:40
చోటు దొరికేలోపు నా పని చెబుతాను. ప్రశ్నలు తయారు. “ఎందుకు రాస్తున్నారు”, “మీకు స్ఫూర్తి ఎవరు”, ఈ రెండూ తీసేశాను. ఆ ప్రశ్న పడిందంటే ఎంత మంచి రచయితైనా ఉపన్యాసంలోకి దిగుతారు, మళ్లీ తేలడానికి పది నిమిషాలు. ఒక్క వస్తువు పేరుతో జవాబు చెప్పగలిగేవే ఉంచాను. రెండు రంగుల చిట్టీలు. పసుపువి ‘ఇదా అదా’ రకం, నోరు తెరిపించడానికి. తెల్లవి అసలువి. ఒక్కొక్కరు ఒక పసుపు, రెండు తెల్లవి తీస్తారు. ఒక్కసారి ‘వద్దు’ అని మార్చుకోవచ్చు, రెండోసారి కుదరదు.
పసుపు: ఆవకాయా మాగాయా? పెన్నా ఫోనా? ముందు శీర్షికా, ముందు కథా?
తెలుపు: అరువిచ్చాక తిరిగిరాని పుస్తకం ఏది? (పుస్తకం పేరు మాత్రమే, తీసుకెళ్లినవారి పేరు వద్దు, వాళ్లూ సభలో ఉండొచ్చు.) రాత ఆగిపోతే వంటింట్లో మొదట మూత తీసే డబ్బా ఏది? చుట్టాల్లో ఎవరి పేరు పాత్రకి పెట్టి చిక్కుల్లో పడ్డారు? బెంగళూరు ఆటో ఎక్కగానే కన్నడలో అనే మొదటి మాట?
కాస్త పరీక్షించి పెట్టండి. జవాబు ఒక్క వాక్యం దాటితే ప్రశ్న తీసేస్తాను.

జయనగర్ పిన్ని, 8:52
మాగాయ. ఈ పళ్లతో టెంక కొరకలేను. మరమరాల డబ్బా.

ఫాంట్ల తమ్ముడు, 8:55
ఫోను. డబ్బా: బెల్లం. ఆటోలో: “మీటర్ హాకి” (మీటరు వెయ్యండి). ఆ తర్వాత ఆటో వెళ్లిపోతుంది.

బాబాయి, 9:03
తిరిగిరానిది నిఘంటువు. రెండు భాగాల్లో రెండోది. ‘ప’ తర్వాత నాకు మాటలు లేవు.

హెబ్బాళ అన్నయ్య, 9:10
అది నా దగ్గరే ఉంది బాబాయ్. ఆదివారం తెస్తాను.

బాబాయి, 9:12
తెస్తే చాలు. పోస్టరు సంగతి వదిలేస్తున్నాను.

మారతహళ్లి అక్క, 9:20
“చుట్టాల పేరు” ప్రశ్న తీసెయ్ చెల్లీ. ఆ చుట్టాలు ఎదురుగా ముందు వరసలోనే ఉంటారు.

చిట్టీల చెల్లెలు, 9:24
తీసేశాను.

బాబాయి, శనివారం 22, మధ్యాహ్నం 1:15
మా బిల్డింగు కింద పార్కింగు ఉంది, స్తంభాల మధ్య 40 అడుగులకి 28. ఓనరు కన్నడాయన, పైనే ఉంటాడు, అద్దె వద్దన్నాడు. మూడు షరతులు: మైకు వద్దు, పొయ్యి వద్దు, ఎనిమిదికల్లా గేటు వెయ్యాలి. మైకు లేకపోతే మనకీ ఒక తలనొప్పి తప్పుతుంది. ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద నిబంధనల్లోనే ఉంది, మన స్పీకరు పెట్టగానే అది దాటుతుంది. లోటుపాట్లూ చెబుతున్నాను. కప్పు ఎత్తు తొమ్మిది అడుగులే, మాట గోడకి కొట్టుకుని తిరిగొస్తుంది. వెనక గోడంతా జంపఖానాలు, పాత దుప్పట్లు వేలాడదీస్తే సగం తగ్గుతుంది. ఆరు కార్లు మూడింటికల్లా తీయించాలి. నేల మీద ఆయిలు మరకలకి ముందురోజు రంపప్పొట్టు చల్లి ఊడ్వాలి, నీళ్లు పోస్తే జారుతుంది.

కోశాధికారి, 1:22
అద్దె సున్నా. ఒప్పుకుంటున్నాను.

హెబ్బాళ అన్నయ్య, 1:40
వేదిక ఎక్కడ వేస్తాం? 12 అడుగుల బ్యానరు ఆ స్తంభాల మధ్య పడుతుందా?

చిట్టీల చెల్లెలు, 1:52
మైకు లేకుండా వేదిక వేస్తే మూడో వరస దాటి వినపడదు. గుండ్రంగా వేద్దాం. లోపలి చుట్టు పద్నాలుగు కుర్చీలు రాతగాళ్లకి, బయట రెండు చుట్లు మిగతావాళ్లకి. చివరి కుర్చీ నుంచి ఎదురుగా మాట్లాడేవారికి పాతిక అడుగులు దాటదు, గొంతు సరిపోతుంది. ఫ్యాన్లు మాత్రం మాట్లాడేటప్పుడు ఒకటో నంబరు మీదే ఉంచండి.
పరిచయాలకి ఒక మాట. ఒకరు తర్వాతివారిని పొగిడి పిలిచే పద్ధతే ఉంచుదాం, కాని ఎవర్ని పిలవాలో వాళ్ల ఇష్టానికి వదలొద్దు. వదిలితే ముగ్గురు ఒకర్నే పిలుస్తారు, ఒకరు ఎవరికీ గుర్తుండరు. పేర్ల చిట్టీలు తీయించినా నూటికి అరవై మూడుసార్లు ఎవరో ఒకరికి సొంత పేరే వస్తుంది. పద్నాలుగు పేర్లూ కలిపి వరసగా పేరుస్తాను. ఒకటో ఆయన రెండో ఆయన్ని, పద్నాలుగో ఆవిడ ఒకటో ఆయన్ని. ఎవరూ మిగలరు. మొగుడూ పెళ్లాలు పక్కపక్కన పడితే ఒకర్ని జరుపుతాను.

ఫాంట్ల తమ్ముడు, 2:05
అయితే నా మాట వినండి, పత్రాలు అచ్చు వద్దు. వరసలో ముందున్నవారు తర్వాతివారి రాతల్లో తమకి నచ్చిన ఒక్క వాక్యాన్ని, ఎందుకు నచ్చిందో రెండు ముక్కల్ని సొంత చేతిరాతతో ఒక పేజీ రాసుకొస్తారు. నేను సుల్తాన్‌పేటలో మందపు కాగితం, దారం కట్టే అట్టలు తెస్తాను. పద్నాలుగూ కలిపి ఏడొందలు దాటవు. ఒత్తులూ ఊడవు.

మారతహళ్లి అక్క, 2:11
బాగుంది. పేటలు ఆ ఖర్చులో రావు, వచ్చినా రెడీమేడువి సగంమందికి చెవుల మీదికి జారతాయి.

హెబ్బాళ అన్నయ్య, 2:30
నా జాబితాలో 3, 4 ఎవరు చూస్తున్నారు?

జయనగర్ పిన్ని, 2:48
భోజనం లెక్క. అరవై ఐదుమంది. పొయ్యి లేదు కనక పులిహోర, దద్దోజనం, బొబ్బట్టు, అరటిపండు. పులిహోరకి ఆరు కిలోల సోనామసూరి, నాలుగు ఇళ్లలో కిలోన్నర చొప్పున. పులుసు మాత్రం ఒక్కచోటే, నేనే ఉడికిస్తాను. నాలుగిళ్ల పులుసైతే నాలుగు రుచులొస్తాయి. చింతపండు ముప్పావు కిలో, నువ్వులనూనె లీటరుకి కొంచెం తక్కువ. 29 శనివారం రాత్రి సీసాల్లో పోసి పంచుతాను. అన్నం ఒకటికి రెండుకన్నా కాస్త తక్కువ నీళ్లతో పలుకుగా వండి, పళ్లెంలో ఆరబోసి, వేడి మీద నూనె, పసుపు కలిపి వదిలెయ్యండి. పులుసు చల్లారాకే కలపండి, వేడి మీద కలిపితే ముద్దవుతుంది. వేడిగా మూత పెట్టారా, ఆవిరి నీరై సాయంత్రానికి పాడు చేస్తుంది.
దద్దోజనం మధ్యాహ్నం కలపండి. పెరుగు కాదు, కాచి చల్లార్చిన పాలు పోసి తోడు చెంచాడే. ఏడింటికి సరిగ్గా పెరుగవుతుంది, పులవదు.

బాబాయి, 3:05
కుర్చీలు 60 చెప్పాను, ఒక్కోటి 12. రవాణాతో కలిపి 1,120. మిగతా ఐదుగురికి మా మెట్లున్నాయి.

కోశాధికారి, బుధవారం 26, రాత్రి 9:00
ఇప్పటిదాకా: కుర్చీలు 1,120, కాగితం, అట్టలు 680, బియ్యం, సామాను 1,450, వక్కపట్ట ప్లేట్లు 390. మొత్తం 3,640. మిగిలింది 3,600. చందా ఇచ్చినవాళ్లకి చోటు మారిందని ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చెయ్యండి, గ్రూపులో పెడితే సగంమంది చూడరు.

చిట్టీల చెల్లెలు, 9:14
నేనూ అక్కా చెరిసగం చేస్తున్నాం. ఇద్దరు పెద్దవాళ్లు మెట్రోలో వస్తారు, బైయప్పనహళ్లిలో దిగుతారు. అక్కణ్ణించి బాబాయి ఇంటికి కారు కావాలి.

హెబ్బాళ అన్నయ్య, 9:17
నా కారు తెస్తాను, నాలుగింటికి స్టేషను బయట ఉంటాను. నిఘంటువు కూడా అందులోనే ఉంటుంది.

ఫాంట్ల తమ్ముడు, శనివారం 29, రాత్రి 8:30
పదమూడు పేజీలు అందాయి. పద్నాలుగోది రేపు పొద్దున్నట. అందరిలోకీ పొడుగ్గా రాస్తున్నది ఆయనే. చిట్టీలు 18 పాయింట్‌లో కొట్టాను గాని పార్కింగు లైటు కింద కళ్లద్దాలు లేకపోతే కష్టం. స్కెచ్ పెన్నుతో చేత్తో మళ్లీ రాసుకుందాం చెల్లీ, పల్చటి కాగితం వద్దు, వెనకనుంచి కనపడుతుంది.

జయనగర్ పిన్ని, 8:44
హోళిగె (బొబ్బట్ల) దుకాణంలో 120 చెప్పాను, తలా రెండూ రావు. 150కి పెంచేశాను. ఆ పై ముప్పైకి డబ్బు ఎవరు కడతారో నాకు తెలీదు.

కోశాధికారి, 8:51
ఒక్కోటి 20 అయితే మొత్తం 3,000. ఉంది. ఇంకో పది మాత్రం పెంచకండి పిన్నిగారూ, కుర్చీలాయన హమాలీ కూడా అడుగుతున్నాడు.