15 నెలల పాపకు రెండో పగటి నిద్ర మాన్పించేయాలా, తనే మానేదాకా ఆగాలా?

పాప వాళ్ళమ్మ:
మా పాప పొద్దున 9.30కి ఒకసారి, మధ్యాహ్నం 2.30కి ఒకసారి పడుకునేది. పది రోజులుగా రెండోసారి పడుకోనంటోంది. చీకటి చేసి జోకొడితే ఐదు నిమిషాలు కళ్ళు మూస్తుంది, అంతలోనే లేచి మంచం కమ్మీ పట్టుకుని గెంతులు. నలభై నిమిషాలు తంటాలు పడ్డాక నాకే కళ్ళనీళ్ళు వస్తున్నాయి. అలాగని వదిలేస్తే సాయంత్రం ఐదుకల్లా చెవి లాక్కుంటూ, దేనికో తెలియకుండా ఏడుపు. ఎలాగోలా నాలుగింటికి పడుకుందంటే రాత్రి 9.45 దాకా నిద్ర రాదు. ఇంట్లో ఒకరు మాన్పించేయమంటారు, ఒకరు పసిపిల్లల నిద్ర చెడగొట్టకూడదంటారు. ఏది సరైనది?

ఇద్దరు పిల్లల నాన్న:
మాన్పించేయండి. మా పెద్దాడికి ఒక్కరోజులో మార్చేశాం. పొద్దున పడుకోబెట్టడం మానేసి 12.30కి పడుకోబెట్టాం. మూడు రోజులు నరకం, నాలుగో రోజు నుంచి రెండు గంటలు కదలకుండా పడుకున్నాడు. మెల్లగా మారుద్దామని కూర్చుంటే నెల రోజులు ఇంటిల్లిపాదికీ సుఖం ఉండదు. పిల్లలు అలవాటుపడతారండీ, మనమే ఎక్కువ భయపడతాం.

పిల్లల సంరక్షణ కేంద్రంలో టీచర్:
నాన్నగారూ, అప్పటికి మీ బాబుకెన్ని నెలలు?

ఇద్దరు పిల్లల నాన్న:
18 దాటాయి.

పిల్లల సంరక్షణ కేంద్రంలో టీచర్:
అసలు తేడా అక్కడుంది. రెండు నిద్రల నుంచి ఒకటికి రావడం చాలామందిలో 12 నుంచి 18 నెలల మధ్య జరుగుతుంది. 18 నెలల బిడ్డ ఐదు గంటలు మెలకువగా ఉండగలడు. 15 నెలల వాళ్ళలో కొందరు ఉండగలరు, కొందరు ఉండలేరు. తొందరపడి మాన్పించిన పిల్లల్ని రోజూ చూస్తుంటాను. 11 గంటలకు అన్నం పెడుతుంటే చెంచా చేతిలో ఉండగానే తల ముందుకు వాలిపోతుంది. నోట్లో ముద్ద ఉందేమోనని ముందు అది తీయాలి. అది మొండితనం కాదు, ఒంట్లో శక్తి అయిపోవడం.

అమ్మగారూ, పాప నడక ఎప్పుడు మొదలుపెట్టింది?

పాప వాళ్ళమ్మ:
మూడు వారాలయింది! ఇప్పుడు కింద కూర్చోదు.

పిల్లల సంరక్షణ కేంద్రంలో టీచర్:
అయితే ఇప్పుడే నిర్ణయం తీసుకోకండి. కొత్తగా నడక వచ్చిన పిల్లలు కొన్నాళ్ళు నిద్రకు పేచీ పెట్టి, మళ్ళీ మామూలుగా పడుకుంటారు. ఒక వారం పొద్దున నిద్రను 45 నిమిషాలకే ఆపి లేపండి. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే రసాయనం పేరుకుంటూ నిద్ర ముంచుకొస్తుంది, పడుకుంటే అది తగ్గుతుంది. పొద్దున నిద్ర పొడుగైతే మధ్యాహ్నానికి నిద్ర ఎక్కడి నుంచి వస్తుంది? నాలుగింటికి పడుకుంటే రాత్రి నిద్ర ఆలస్యమయ్యేదీ అందుకే. పొద్దున నిద్ర తగ్గించాక రెండోది తిరిగొస్తే పాపకు ఇంకా రెండూ కావాలన్నట్టు.

బామ్మ:
పడుకున్న బిడ్డను లేపమంటారా? నాకు మనసొప్పదు. బిడ్డ నిద్రపోయిందంటే ఒంటికి కావాలనే కదా!

పిల్లల సంరక్షణ కేంద్రంలో టీచర్:
మీ బాధ అర్థమైందండీ. జ్వరంతో ఉన్న బిడ్డనైతే నేనూ లేపను. కానీ లెక్క చూడండి. 1, 2 ఏళ్ళ పిల్లలకు పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. పాప రాత్రి 9.45కి పడుకుని పొద్దున ఆరింటికి లేస్తే ఎనిమిదింపావు గంటలు. పగలు గంటన్నర కలిపినా పదికి రాదు. పగలు అరగంట తగ్గించేది రాత్రి గంటన్నర తిరిగి రావడానికే. తెర తీసి, వెలుతురు రానిచ్చి, పేరు పెట్టి పిలిస్తే మెల్లగా లేస్తుంది. కుదిపి లేపనక్కర్లేదు.

పాప వాళ్ళమ్మ (రెండు వారాల తర్వాత):
మీరు చెప్పినట్టే చేశాను. నాలుగు రోజులు రెండోది తిరిగొచ్చింది, నిజంగా ప్రాణం లేచొచ్చింది. తర్వాత మళ్ళీ పోయింది. వరసగా తొమ్మిది రోజులు ఒక్కసారీ పడుకోలేదు.

పిల్లల సంరక్షణ కేంద్రంలో టీచర్:
అలాగైతే సిద్ధమైనట్టే. పొద్దున నిద్రను మూడు నాలుగు రోజులకోసారి 15 నిమిషాలు ఆలస్యం చేస్తూ రండి. 12, 12.30 దాకా వచ్చాక అక్కడే ఆపండి. ముఖ్యమైనది రాత్రి: నిద్ర సరిపోని రోజున 7కే పడుకోబెట్టండి. 7 నుంచి 6 దాకా పదకొండు గంటలు, పగలు గంటన్నర, మొత్తం పన్నెండున్నర. నిద్రలో గురక పెడుతున్నా, ఊపిరి ఆగి ఆగి వస్తున్నా మాత్రం వేళలు మార్చి చూస్తూ కూర్చోకుండా డాక్టర్‌కు చూపించండి.

ఇద్దరు పిల్లల నాన్న:
రాత్రి ముందుగా పడుకోబెట్టడం మేము చేయలేదు. వాడి ఆ మూడు రోజుల ఏడుపు అందుకేనేమో అని ఇప్పుడనిపిస్తోంది. చిన్నదానికి ఇలాగే చేస్తాను. కానీ నాలుగింటికి కారులో కునుకు తీస్తే అంతా పాడవుతుంది, ఆ వేళకు ప్రయాణం పెట్టుకోకండి.

పాప వాళ్ళమ్మ:
మీరన్నట్టే మెల్లగా జరుపుతూ వచ్చాక ఇవాళ 12.10కి పడుకుని 1.50కి లేచింది! రాత్రి 7కే పడుకుంది. కానీ తెల్లవారుజామున 5.20కి లేచి కూర్చుంది.

పిల్లల సంరక్షణ కేంద్రంలో టీచర్:
లైటు వేయకండి, ఆటకు దించకండి. ఆరింటిదాకా చీకట్లోనే పక్కన ఉండండి. త్వరగా లేచింది కదా అని పొద్దున 10కి పడుకోబెట్టారంటే మళ్ళీ మొదటికొస్తుంది. మరీ తూలిపోతుంటే 11.30కి పడుకోబెట్టండి, అంతకు ముందు వద్దు.