మనసు విరిగెనేని మరి... తర్వాత ఏమిటి?

నల్లరేగడి: విడాకుల మీద సుప్రీంకోర్టు 2023 మే 1న ఇచ్చిన తీర్పు గురించి చిన్న వ్యాసం రాస్తున్నా. ‘ఇర్రిట్రీవబుల్ బ్రేక్‌డౌన్’ని పేపర్లలో ‘కోలుకోలేని విధంగా విచ్ఛిన్నమైన వివాహం’ అంటున్నారు. చదివితే రోడ్డు ప్రమాదం వార్తలా ఉంది. వేమన ‘ఇనుము విరిగెనేని’ పద్యంతో మొదలెడదామంటే మూడో పాదంలో ‘మనసు విరిగెనేని’ తర్వాత గుర్తు రావట్లేదు. ‘మరి చేర్చరాదయా’నా, ‘మరి యంటనేర్చునా’నా?

పాతపుస్తకం: మా బళ్లో ‘చేర్చరాదయా’ అనే చెప్పారు. దాని పైపాదం ‘కాచి యతుకనేర్చు కమ్మరీడు’. కొందరు ‘యతుకవచ్చు గ్రమముగాను’ అంటారు. కమ్మరిని తీసేశాక ఆ పద్యంలో ఇంకేం మిగిలిందండీ!

ఛందోపిపాసి: గణాలతో తేలదు. ‘మరిచేర్చ రాదయా’, ‘మరియంట నేర్చునా’ రెండింటి గణాలూ ఒకటే: సలం, రగణం. యతి ఎటూ ‘మ’ మీదే. అసలు గొడవ మొదటి పాదంలో ఉంది. అందరూ ‘ఇరుమారు ముమ్మారు’ అని చదివేస్తున్నారు. ‘యినుమారు’ అనాలి. ఇనుమడిలో ఉన్న ‘ఇను’ అది. ఇనుము వెంటనే ఇనుమారు! అదీ వేమన చెవి.

గురువింద: వేమన చెవి అని మీకెలా తెలుసు? బ్రౌను దొర 1829లో ఈ పద్యాల్ని అచ్చు వేయించేనాటికే ఒక్కో రాతప్రతిది ఒక్కో దారి. పాడుకున్నవాళ్ల చెవి అనండి.

ఛందోపిపాసి: ఎవరిదైనా మంచి చెవే కదా.

వకీలమ్మ: అర్థంలో మాత్రం తేడా ఉంది. చేర్చరాదంటే పైవాళ్లు కలపలేరని. అంటనేర్చునా అంటే దానంతటది అంటుకోదని. హిందూ వివాహ చట్టం 23(2) సెక్షన్ ప్రకారం చాలా కేసుల్లో జడ్జి ముందు కలిపే ప్రయత్నం చేయాల్సిందే. ఇక ఆ తీర్పు తలుపులు బార్లా తెరిచిందనుకోకండి. ఒకరు వద్దన్నా విడాకులు ఇవ్వొచ్చంది గానీ, రాజ్యాంగం 142వ అధికరణం ఇచ్చిన ప్రత్యేకాధికారం కింద సుప్రీంకోర్టే ఇవ్వాలి, అదీ హక్కుగా అడిగేది కాదు. ఫ్యామిలీ కోర్టు ఈ కారణంతో ఇవ్వలేదు, హైకోర్టూ ఇవ్వలేదు. దీన్ని చట్టంలో చేర్చమని లా కమిషన్ 1978లోనే చెప్పింది. ఇంతవరకూ చేర్చలేదు. కాబట్టి నా ఓటు ‘చేర్చరాదయా’కే.

కొలిమి: మాది కమ్మరిపని చేసిన ఇల్లు. అందరూ ‘కాచి’ని వదిలేశారు. అతుకు పడాలంటే రెండు ముక్కలూ సమానంగా కాగాలి. ఒకటి తెల్లగా కాలి రెండోది చల్లగా ఉంటే సమ్మెటతో ఎంత బాదినా దండగ. పైగా కాచినప్పుడల్లా పైపొర రాలిపోయి ఇనుము తరుగుతుంది. అందుకే ముమ్మారు దగ్గర ఆగాడు. పద్యం చెప్పినవాడు కొలిమి దగ్గర కూర్చున్నవాడే.

నల్లరేగడి: ఇది వ్యాసంలో పెట్టుకుంటా కొలిమి గారూ. వకీలమ్మ గారూ, ఆరేళ్లు విడిగా ఉంటే చాలంటున్నారు, నిజమేనా?

వకీలమ్మ: చాలదు. ఆరేళ్లు, అంతకు మించిన ఎడబాటును ఒక అంశంగా చూస్తారు, అంతే. పిల్లలు, ఇద్దరి ఆర్థిక స్థితి, జరిగిన రాజీ ప్రయత్నాలు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. హిందూ వివాహ చట్టం 13బీ సెక్షన్‌లో ఉన్న ఆరు నెలల గడువు వేరు. అది ఇద్దరూ ఒప్పుకున్న కేసులకి. తగిన కేసుల్లో దాన్ని కోర్టు మాఫీ చేయొచ్చని 2017లో తేల్చారు.

గురువింద: పద్యంలో విరిగింది మనసు, పెళ్లి కాదు. మనసులు ఎప్పుడో విరిగినా పెళ్లి నిలబడ్డ ఇళ్లు మన వీధిలోనే బోలెడు. అన్నదమ్ములకీ స్నేహితులకీ చెప్పుకునే పద్యాన్ని తెచ్చి విడాకులకి అతుకుతారేంటి?

పాతపుస్తకం: విడాకులంటే గుర్తొచ్చింది. అందులో ఆకు తాటాకా, తమలపాకా?

ఛందోపిపాసి: తాటాకే. విడుదల పత్రం రాసిచ్చే ఆకు.

గురువింద: మరి పెటాకుల్లో ఆకో?

ఛందోపిపాసి: దానికి వేరే పోస్టు పెట్టండి బాబూ. ఇక్కడ ఇనుమారే ఇంకా తేలలేదు.