స్పిన్నర్ బిగిస్తేనే వణుకు, ఎక్కడ సరిచేయాలి?

నా ఆర్‌సీ (రిమోట్ కంట్రోల్) మోడల్ విమానంలో మోటారు షాఫ్ట్ 5 మి.మీ., కాలెట్ అడాప్టర్ (ప్రొపెల్లర్‌ని షాఫ్ట్‌కి పట్టించే బిగింపు) 8 మి.మీ., ప్రాప్ (ప్రొపెల్లర్) 10×6 (వ్యాసం 10, పిచ్ 6 అంగుళాలు; పిచ్ అంటే ఒక చుట్టుకి ముందుకు సాగే దూరం), ప్లాస్టిక్ స్పిన్నర్ (ప్రాప్ మధ్యన ముందుండే కోను మూత) 51 మి.మీ. ప్రాప్ రంధ్రం 6.35 ఉంటే స్టెప్ రీమర్‌తో (రంధ్రాన్ని మెట్లు మెట్లుగా పెంచే పనిముట్టు) 8కి పెంచాను. డ్రిల్ బిట్ అయితే రంధ్రం పక్కకి జరిగిపోతుంది. అంకెలున్న వైపు ముందుకే ఉంది, బ్యాలెన్సర్ మీద రెక్కలు సమంగా నిలుస్తున్నాయి.

స్పిన్నర్ లేకుండా సగం థ్రాటిల్‌లో నున్నగా తిరుగుతోంది. పెట్టగానే కోను కొస ఊగి, వణుకు ఫైర్‌వాల్ (మోటారు బిగించే ముందు గోడ) దాకా వస్తోంది. కోను అంచు రెక్కలకు ఎక్కడా తగలడం లేదు, 1 మి.మీ. ఖాళీ ఉంది. బ్యాక్‌ప్లేట్ (స్పిన్నర్ వెనక పళ్లెం) రంధ్రం మాత్రం అడాప్టర్ కన్నా అర మి.మీ. పెద్దది, నా అనుమానం దానిమీదే.

ఆ వదులుకి అల్యూమినియం రింగు వేయాలా, టేపు చుట్ట సరిపోతుందా? నట్ బిగించేటప్పుడు టేపు నలిగి మళ్లీ పక్కకి జరుగుతుందేమోనని భయం. స్పిన్నర్‌ని విడిగా బ్యాలెన్స్ చేసే పద్ధతి తెలిసినవారు దయచేసి చెప్పండి.