తాతగారి జీపు ఏ మోడలో తేల్చడానికి సాయం కావాలి (యుద్ధం నాటి విల్లీసా, మహీంద్రానా?)

మాచర్ల_కుర్రాడు:
అందరికీ నమస్కారం. మా తాతగారి జీపు ఊళ్లో పశువుల కొట్టం పక్కన రేకుల షెడ్డులో పదిహేనేళ్లుగా కదలకుండా ఉంది. ఆయన పోయాక ఎవరూ స్టార్ట్ చేయలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్లు వాడి వదిలేసి వెళ్లిన బండి అని మా ఇంట్లో అందరూ చెబుతారు. బానెట్‌కి రెండు పక్కలా విల్లీస్ (జీపులు చేసిన అమెరికా కంపెనీ) అని ఇంగ్లిషు అక్షరాలు రేకులోనే ఉబ్బెత్తుగా ఉన్నాయి కాబట్టి నేనూ అదే నమ్ముతూ వచ్చాను. పోయిన వారం హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి చూసి, మిలిటరీదైతే ఒక రేటు, కాకపోతే ఇంకో రేటు అన్నాడు. నేను అమ్మను. కానీ ఇది అసలు ఏ బండి, ఏ కాలంది, దీంట్లో మొదటి నుంచీ ఉన్నవేవి, తర్వాత మార్చినవేవి అన్నది తెలుసుకోవాలని ఉంది. ఇంజన్ మాత్రం డీజిల్. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆటోనగర్_మేస్త్రి:
తమ్ముడూ, ముప్పై ఏళ్లుగా బెజవాడ ఆటోనగర్‌లో జీపుల పనే చేస్తున్నాను. ముందు ఆ అక్షరాల సంగతి చెబుతాను. యుద్ధం నాటి జీపును విల్లీస్ వాళ్లు ఎంబీ అనేవారు, ఫోర్డ్ వాళ్లు చేసినదాన్ని జీపీడబ్ల్యూ అనేవారు. ఆ రెండిటికీ బానెట్ పక్కలు నున్నగా ఉంటాయి, పేరుండదు. మొదట్లో వచ్చిన ఎంబీలకు వెనక రేకు మీద విల్లీస్ అని ఉండేది, తర్వాత అదీ తీసేశారు. బానెట్ పక్కన పేరు వేయడం 1945లో జనానికి అమ్మే సీజే జీపులు వచ్చాకే మొదలైంది. అంటే మీ ఇంట్లోవాళ్లు దేన్ని చూసి మిలిటరీ బండి అంటున్నారో, అది మిలిటరీది కాదని చెప్పేది కూడా అదే.

ఇప్పుడు బండి దగ్గరికి వెళ్లి చూడు. స్టీరింగ్ ఎటుంది? యుద్ధం జీపులన్నీ ఎడమ స్టీరింగే. ముందు అద్దం ఒకటే ముక్కా, మధ్యలో కడ్డీతో రెండు ముక్కలా? ఎంబీకి రెండు ముక్కలు. వెనక తలుపు కిందికి దిగుతుందా? ఎంబీకి వెనక తలుపే లేదు, రేకు మూసేసి స్టెప్నీ, పెట్రోలు డబ్బా దానికే తగిలిస్తారు. ముందు గ్రిల్‌లో నిలువు సందులు లెక్కపెట్టు. తొమ్మిదుంటే మిలిటరీ, ఏడుంటే సీజే. హెడ్‌లైట్లు గ్రిల్ వెనక లోపలికి ఉన్నాయా, బయటికి పొడుచుకొచ్చాయా కూడా చూడు. మిలిటరీ బండిలో హెడ్‌లైటును వెనక్కి తిప్పి, రాత్రిపూట ఇంజన్ మీదికి వెలుగు పెట్టుకోవచ్చు. అలాంటి బండి నా చేతికి దొరికి, దాని మీద నేను పని చేసింది రెండుసార్లే.

చివరిగా టేపు తీసుకుని ముందు చక్రం హబ్ మధ్య నుంచి వెనక చక్రం హబ్ మధ్యకు కొలువు. గ్రిల్లు, బానెట్, బాడీ ఎవరైనా మార్చుకోవచ్చు. చాసిస్ కొలత దాచడం కష్టం.

మాచర్ల_కుర్రాడు:
ఇప్పుడే చూసి వచ్చాను మేస్త్రి గారూ. స్టీరింగ్ కుడివైపే. అద్దం ఒకటే ముక్క. వెనక తలుపు గొలుసులతో కిందికి దిగుతుంది. ఏడు సందులు. హెడ్‌లైట్లు బయటికే ఉన్నాయి. కొలత సరిగ్గా 80 అంగుళాలు, రెండుసార్లు కొలిచాను. నిజం చెప్పాలంటే కొంచెం మనసు చివుక్కుమంది. తాతయ్య ఆ యుద్ధం కథ ఎన్నిసార్లు చెప్పారో.

టొలెడో_తెలుగువాడు:
తమ్ముడూ, బాధపడే విషయం కాదిది. నేనుండేది ఒహాయోలో, విల్లీస్ జీపులు పుట్టిన టొలెడో ఊళ్లోనే. మీ బండి ఫొటో చూశాను. బానెట్ మామూలు జీపు కంటే ఎత్తుగా, ముఖం పొడుగ్గా ఉంది కదా? అది సీజేల్లో సీజే-3బీ అనే మోడల్ గుర్తు. పాత గో డెవిల్ ఇంజన్‌లో వాల్వులన్నీ పక్కన బ్లాకులోనే ఉండేవి, పైన హెడ్ బల్లపరుపుగా ఉండేది. తర్వాత వచ్చిన హరికేన్ ఇంజన్‌లో ఇన్‌టేక్ వాల్వులను పైకి, హెడ్‌లోకి తెచ్చారు, ఎగ్జాస్ట్ వాల్వులు కిందే ఉంచారు. సైజు అదే 134 క్యూబిక్ అంగుళాలు, అంటే దాదాపు 2200 సీసీ, కానీ బలం పెరిగింది. ఎత్తు కూడా పెరిగింది. పాత బానెట్ కింద పట్టకపోయేసరికి బానెట్టే పైకి లేపారు. ఇక్కడ 1953 నుంచి 1968 దాకా సీజే-3బీని తయారుచేశారు.

మన దేశంలో మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ నుంచి జీపులను విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. తర్వాత క్రమంగా ఇక్కడే తయారుచేశారు. అమెరికాలో 3బీ ఆగిపోయాక కూడా మన దగ్గర ఆ ఎత్తు బానెట్ చాలా ఏళ్లు నడిచింది. కుడి స్టీరింగ్, ఎత్తు బానెట్, విల్లీస్ పేరు, 80 అంగుళాలు, ఈ నాలుగూ కలిస్తే మన దేశంలో బిగించిన సీజే-3బీ అనే నా నమ్మకం. 91 అంగుళాలు వచ్చి ఉంటే ఎంఎం540 లాంటి తర్వాతి మహీంద్రా బండి అని అనుమానించేవాణ్ని.

ఇంకో మాట, మీకు పనికిరాకపోయినా చదివేవాళ్లకు పనికొస్తుంది. నిజంగా మిలిటరీ బండి అని ఎవరైనా అమ్మజూపితే రేడియేటర్ కింద చాసిస్ ముందు అడ్డకమ్మి చూడండి. గుండ్రటి గొట్టమైతే విల్లీస్, పలకగా ఉంటే ఫోర్డ్. ఫోర్డ్ వాళ్లు తమ బోల్టుల తలల మీద కూడా ఎఫ్ అక్షరం కొట్టారు.

నల్గొండ_అరుణ:
మా నాన్నగారు సాగర్ ఎడమ కాలువ పనుల్లో డిపార్ట్‌మెంట్ జీపు నడిపేవారు. ఆ బండి ఎత్తు బానెట్‌దే, ఫొటో ఇప్పటికీ హాల్లో ఉంది. ఈ చర్చ చదివి వినిపిస్తే ఆయన ఒకటే ప్రశ్న అడిగారు: "కింద ఎన్ని రాడ్లున్నాయి?" ఆయన బండిలో మూడు. పొడుగుది గేరు. పక్కన పొట్టివి రెండు, ఒకటి ముందు చక్రాలకు పవర్ ఇవ్వడానికి, ఇంకోటి హై, లో మార్చడానికి. ముందు చక్రాలు కలపకుండా లో పడదట. కాలువ గట్టు మీద బురదలో దిగబడితే బండి ఆపి, ముందు చక్రాలు కలిపి, ఆ తర్వాత లో వేసి, యాక్సిలరేటర్ తొక్కకుండా వదిలేస్తే అదే పాకుతూ వచ్చేదని చెబుతూ ఆయన చేతులు ఇప్పటికీ అలాగే కదిలిస్తున్నారు.

మీరు మూడు రాడ్లూ ఉన్నాయో లేదో చూడండి. చాలామంది ముందు షాఫ్ట్ తీసేసి టూ వీల్ చేసేశారు, రాడ్లు మాత్రం అలంకారానికి మిగిలాయి అంటున్నారు నాన్న. పాత విల్లీస్ బండ్లలో ఎడమవైపు చక్రాల నట్లకు ఎదురు మర ఉంటుందని, స్పానర్ పెట్టే ముందు మర ఎటుందో చూడమని కూడా చెప్పమన్నారు. తెలియక బలవంతంగా తిప్పి స్టడ్డు విరగ్గొట్టినవాళ్లను ఆయన చాలామందిని చూశారట.

మాచర్ల_కుర్రాడు:
అరుణ గారూ, నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. మూడు రాడ్లూ ఉన్నాయి, ముందు షాఫ్ట్ కూడా ఉంది! హ్యాండ్ బ్రేక్ చక్రాలకు కాకుండా ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు పవర్ పంచే పెట్టె) వెనక డ్రమ్ము మీద పడుతోంది, అది కూడా పాతదేనా?

ఆటోనగర్_మేస్త్రి:
పాతదే. జీపు పద్ధతే అది. ఇక ఇంజన్ ఫొటో చూశాను, అది బి-275 ట్రాక్టర్ జాతి డీజిల్ ఇంజన్. పెట్రోలు భారమయ్యాక మన వైపు ఎన్ని జీపులకు ఆ ఇంజన్ ఎక్కించామో లెక్కలేదు, నేనే కొన్ని ఎక్కించాను. మహీంద్రా కంపెనీ కూడా తర్వాత అదే జాతి డీజిల్‌తో జీపులు అమ్మింది. కాబట్టి డీజిల్ ఉన్నంత మాత్రాన మార్చారని చెప్పలేం. ఆర్సీ బుక్కులో ఇంధనం ఏమని రాశారో చూడు.

పొలం_బాట:
నా మాట కూడా వినండి. అందరూ "ఒరిజినల్" అంటుంటే నాకు కొంచెం బాధగా ఉంది. ఆ ట్రాక్టర్ ఇంజన్ ఎక్కించబట్టే ఆ బండి ఇన్నేళ్లు బతికింది. మా నాన్న అలాంటి జీపులోనే పొగాకు బేళ్లు, ఎరువు బస్తాలు, పురుటికి వెళ్లే ఆడవాళ్లను కూడా తీసుకెళ్లారు. తాతగారు ఇష్టపడి చేయించిన మార్పు అది. పీకేసే ముందు ఒకసారి ఆలోచించండి.

రూల్_బుక్:
పొలం_బాట గారి మాటను గౌరవిస్తూనే కాగితాల సంగతి చెబుతాను. 2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో వింటేజ్ బండ్ల కోసం వేరే ఏర్పాటు తెచ్చారు. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటాలి, అసలు రూపంలో ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. అలా ఇచ్చే నంబరులో వీఏ అని ఉంటుంది, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ బండిని ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, రిపేరు, ఆయిల్ కొట్టించుకోవడం లాంటి వాటికే రోడ్డు మీదికి తేవాలి. రోజూ పొలానికి వెళ్లడానికి కుదరదు. పొలానికి వాడాలంటే మామూలు పద్ధతిలో ఆర్సీ రెన్యువల్ చేయించుకోవాలి, ఇంజన్ మార్పు ఆర్సీలో ఎక్కి ఉండాలి. ముందు తాతగారి పేరు నుంచి మీ పేరుకు ఫారం 31తో మార్పించుకోండి. ఏ దారిలో వెళ్లినా చాసిస్ నంబరు కాగితంతో కలవాల్సిందే.

మాచర్ల_కుర్రాడు:
వారం ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. నానమ్మ బీరువాలో ఆర్సీ దొరికింది. 1964, సీజే-3బీ, ఇంధనం పెట్రోలు. చాసిస్ నంబరు కిరసనాయిలుతో తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాను, పూర్తిగా కలిసింది. మా బాబాయి గ్రైండర్ తెచ్చి తుప్పు తీసేస్తానన్నాడు, గ్రైండర్ పెడితే నంబరు చెరిగిపోతుందని మేస్త్రి గారు ఇంతకుముందు ఒకరికి రాసింది గుర్తొచ్చి ఆపాను.

ఇంకో విషయం. ఈ గొడవంతా చూసి నానమ్మ, "ఆ పాత ఇంజనా? వడ్ల కొట్టులో బస్తాల కింద ఉంది కదరా" అంది. తాతయ్య దాన్ని అమ్మలేదట! పైన రేకు మూత ఉంది, కార్బురేటర్ లేదు, హెడ్ పక్కన చిన్న పగులు ఉంది. వాటర్ పంపు వెనక బ్లాకు మీద చదునైన చోట నంబరు కనిపిస్తోంది. చివరి రెండు అంకెలు తుప్పులో పోయాయి, మిగతావన్నీ ఆర్సీలో ఉన్నవే. పొలం_బాట గారూ, డీజిల్ ఇంజన్‌ను కూడా అమ్మను, దాచిపెడతాను. తాతయ్య పాతదాన్ని దాచినట్టే.

టొలెడో_తెలుగువాడు:
పగులు ఫొటో దగ్గరగా తీసి పంపు తమ్ముడూ. ఆ ఇంజన్ గాస్కెట్లు, కార్బురేటర్ ఇక్కడ ఇంకా దొరుకుతాయి. సంక్రాంతికి వస్తున్నాను, సూట్‌కేసులో పట్టినవి తెస్తాను.

ఆటోనగర్_మేస్త్రి:
ఇంజన్‌ను మాత్రం బలవంతంగా తిప్పకు. ప్లగ్గులు విప్పి నాలుగు సిలిండర్లలోనూ ఆయిలూ డీజిలూ కలిపి పోసి మూడు రోజులు వదిలెయ్. నంబరున్న చోట కొంచెం గ్రీజు పూసి గుడ్డ కట్టు. ఆదివారం ట్రాక్టర్ ట్రక్కులో వేసుకురా, కింద వరిగడ్డి మందంగా పరిచి తీసుకురా. హెడ్ సంగతి చూసి చెబుతాను.