పెడల్ బిగుసుకోవడం ఒక జబ్బు, చక్రం పట్టేయడం మరొక జబ్బు

ప్రశ్న (కందుకూరు వాసి, ప్రస్తుతం ఒహాయో)

అందరికీ నమస్కారం. ఇక్కడికి వచ్చి ఏడు నెలలైంది. సామాను మోసుకోవడానికి పనికొస్తుందని పన్నెండేళ్ల నాటి పెట్రోలు పికప్ ట్రక్కు కొన్నాను. పది రోజులుగా బ్రేకు పెడల్ రాయిలా గట్టిగా ఉంటోంది. దానికి తోడు నాలుగైదు మైళ్లు నడిపేసరికి ముందు కుడి చక్రం దగ్గర కాలిన వాసన వచ్చి, బండి కుడివైపుకు లాగుతోంది. బూస్టర్, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టేది), నాలుగు చక్రాల కాలిపర్లు (ప్యాడ్లను నొక్కి చక్రాన్ని ఆపేవి) అన్నీ మార్చాలని వర్క్‌షాపు వాళ్లు అంటున్నారు. అంత ఖర్చు నిజంగా అవసరమా?

జవాబు (కావలి నుంచి)

తమ్ముడూ, సంగతి తేలేదాకా ఆ బండిని ఫ్రీవే ఎక్కించవద్దు. నేను పదహారేళ్లు ఒహాయోలోనే ఉండి కావలికి తిరిగి వచ్చాను. ఇక్కడ జి.టి. రోడ్డు పక్కన మా బావమరిది నడిపే షెడ్డుకు రొయ్యల చెరువులకు మేత మోసే పికప్‌లే ఎక్కువగా వస్తాయి. ఉప్పునీటి గట్ల మీద తిరిగే ఆ బండ్ల బ్రేకులను తినేసే తుప్పూ, మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే మీ ఊళ్లో వచ్చే తుప్పూ ఒకటే కాబట్టి, నీ బండి కథ నాకు కొత్తది కాదు.

నువ్వు రాసిన లక్షణాలు రెండూ ఒకే జబ్బువని వర్క్‌షాపు వాళ్లు అనుకున్నట్టున్నారు, లేదా విడదీసి చూసే ఓపిక లేక అన్నీ రాసిచ్చినట్టున్నారు. పెడల్ గట్టిపడిందంటే నీ కాలికి అందవలసిన సాయం అందడం లేదని అర్థం. చక్రం పట్టేసిందంటే, కాలు తీసిన తరువాత కూడా బ్రేకు వదలడం లేదని అర్థం. ముందు పెడల్‌ను, తరువాత చక్రాన్ని విడివిడిగా పరీక్షించాలి.

ఇంజను గదిలో డ్రైవరు వైపు గోడకు అంటుకుని ఉన్న నల్లటి గుండ్రని డబ్బాయే బూస్టర్. ఇంజను గాలి పీల్చుకునేటప్పుడు పుట్టే వాక్యూమ్ ఒక రబ్బరు గొట్టం ద్వారా అందులోకి వస్తుంది. నువ్వు పెడల్ తొక్కగానే డబ్బాలోని పొరకు ఒకవైపు బయటి గాలి చేరి, ఆ గాలి బరువే మాస్టర్ సిలిండర్‌ను నెట్టడంలో నీకు తోడవుతుంది. ఇంజను ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కితే లోపల మిగిలిన వాక్యూమ్ అయిపోయి పెడల్ గట్టిపడుతుంది. అలా తొక్కిపట్టి ఇంజను స్టార్టు చేసినప్పుడు పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే సాయం అందడం లేదన్నమాటే. అయినా వెంటనే బూస్టర్ కొనవద్దు: ఆ రబ్బరు గొట్టం పగిలినా, అది బూస్టర్‌లోకి వెళ్లే చోట ఉన్న ప్లాస్టిక్ వాల్వు చెడినా ఇదే జరుగుతుంది, వాటి ఖరీదు బూస్టర్ ముందు లెక్కలోకి రాదు. గొట్టమూ వాల్వూ బాగుండి, పెడల్ తొక్కి పట్టుకున్నంతసేపూ పాదాల దగ్గర బుసకొట్టినట్టు చప్పుడు వస్తూ ఇంజను తడబడుతుంటే, అప్పుడు లోపలి పొర చిరిగిందని అనుమానించవచ్చు.

ఇక చక్రం. బండిని నడిపి, పట్టేసిన స్థితిలోనే చదునైన చోట ఆపి, వెనుక చక్రాలకు అడ్డు పెట్టి, న్యూట్రల్‌లో ముందు కుడివైపు జాకీతో ఎత్తి, తప్పనిసరిగా స్టాండు మీద నిలబెట్టు. జాకీని నమ్మి బండి కింద చెయ్యి పెట్టవద్దు. ఇనుము కాలుతూ ఉంటుంది కనుక చేతులకు గ్లోవ్స్, ఆయిల్ చిమ్ముతుంది కనుక కళ్లకు అద్దాలు ఉండాలి. చక్రం చేత్తో తిరగడం లేదని చూసుకుని, కాలిపర్ మీది బ్లీడర్ నిప్పిల్‌ను (గాలి తీయడానికి ఉండే చిన్న మరను) కొంచెం వదులు చెయ్యి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలిందంటే ఒత్తిడి లోపల చిక్కుకుపోయిందని తేలుతుంది. వదలకపోతే కాలిపర్ జారవలసిన పిన్నులో, పిస్టనో తుప్పుతో బిగుసుకున్నాయని అర్థం. పిన్నులు మాత్రమే అయితే విప్పి, శుభ్రం చేసి, బ్రేకుల కోసమే తయారైన గ్రీజు పూస్తే చాలాసార్లు సరిపోతుంది.

ఒత్తిడి చిక్కుకుందని తేలితే ఇంకొక అడుగు ఉంది. నిప్పిల్ బిగించి, మళ్లీ చక్రం పట్టేసేలా చేసి, ఈసారి కాలిపర్‌కు ఆయిల్ తెచ్చే రబ్బరు హోస్ పైభాగంలో ఇనుప పైపు కలిసే చోట వదులు చెయ్యి. అక్కడ వదులు చేసినా చక్రం విడవకుండా, నిప్పిల్ దగ్గర మాత్రమే విడుస్తుంటే హోస్ లోపలే మూసుకుపోయింది. పైకి నిగనిగలాడే హోస్ లోపల రబ్బరు ఉబ్బి, తొక్కినప్పుడు ఆయిల్‌ను పోనిచ్చి తిరిగి రానివ్వకపోవడం మా షెడ్డులో ఎన్నోసార్లు చూశాం. ఆ సంగతి తెలియక కాలిపర్ మీద కాలిపర్ మార్చిన వాళ్లనూ చూశాం.

రెండు లక్షణాలకూ మూలం ఒకటే అయ్యే సందర్భం లేకపోలేదు. బూస్టర్‌లోని కడ్డీ పొడవు ఎక్కువై మాస్టర్ సిలిండర్‌ను పూర్తిగా వెనక్కి రానివ్వకపోతే, ఆయిల్ తిరిగివచ్చే చిన్న రంధ్రం మూసుకుపోయి, వేడెక్కేకొద్దీ పెడల్ బిగుసుకుంటూ చక్రాలన్నీ పట్టేస్తాయి. నీకు పట్టేస్తున్నది ఒక్క చక్రమే కాబట్టి ఇది కాదనుకుంటున్నాను. బ్రేకు ఆయిల్ డబ్బా మూత కింది రబ్బరు మాత్రం తీసి చూడు. అది ఉబ్బి వంకరపోయి ఉంటే, ఎవరో బ్రేకు ఆయిల్‌కు బదులు ఇంజన్ ఆయిలో స్టీరింగ్ ఆయిలో పోశారన్నమాట. అప్పుడు ఆ ఆయిల్ తగిలే రబ్బరు భాగాలన్నీ పాడవుతాయి కనుక, బూస్టర్ మినహా ఆ వర్క్‌షాపు జాబితా సరైనదే.

మరొక జవాబు (ఒంగోలు, ప్రస్తుతం టెక్సాస్)

అన్నయ్య గారు చెప్పినదానికి కొంచెం చేరుస్తాను. పెద్ద డీజిల్ పికప్‌లలో కొన్నింటికి వాక్యూమ్ బదులు పవర్ స్టీరింగ్ పంపు ఒత్తిడే బ్రేకుకు సాయం చేస్తుంది. మీది పెట్రోలు బండే అయినా బూస్టర్ ఏ రకమో చూసుకోండి. బండికి ఉన్న 17 అక్షరాల విన్ నంబరును అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో వేస్తే రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ బండిని వెనక్కి పిలవడం) ఏదైనా మిగిలి ఉందేమో తెలుస్తుంది. ఉంటే డీలరు దగ్గర ఆ పనికి సాధారణంగా డబ్బు తీసుకోరు. కాలిపర్ కొనవలసి వస్తే బిల్లులో కోర్ అని కొంత అదనంగా వేస్తారు. అది డిపాజిట్టు మాత్రమే, పాతది తిరిగి ఇస్తే వెనక్కి వస్తుంది. నా మొదటి ఏడాది ఆ సంగతి తెలియక పాత కాలిపర్లను చెత్తలో పడేశాను.

ప్రశ్న అడిగినవారు

అన్నా, మీరు చెప్పినట్టే చేశాను. వాక్యూమ్ గొట్టం వాల్వు దగ్గర చీలి ఉంది. అది మార్చగానే ఇంజను స్టార్టు చేసినప్పుడు పెడల్ దిగుతోంది. చక్రం నిప్పిల్ దగ్గర వదిలింది, హోస్ పైన మాత్రం వదల్లేదు.

జవాబు (కావలి నుంచి)

అయితే హోస్ మార్చు తమ్ముడూ, ఎడమవైపుదీ మార్చు, ఎందుకంటే రెండిటి వయసూ ఒకటే. కాలిపర్ దగ్గరి బోల్టుకు కొత్త రాగి వాషర్లు వెయ్యి. ఇన్నాళ్లు కాలిన ప్యాడ్లు గాజులా నున్నబడి ఉంటే రెండువైపులా మార్చు. బండిలోని బ్రేకు ఆయిల్ డబ్బా మూత మీద ఆయిల్ రకం డాట్ 3 అని ఉందో డాట్ 4 అని ఉందో చూసి, సీలు తీయని డబ్బాలోనిదే పొయ్యి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరేకొద్దీ అది మరిగే వేడి తగ్గిపోతుంది. పెయింటు మీద చిందితే వెంటనే నీళ్లతో కడుగు. బ్రేకు పైపుల్లోని గాలి పూర్తిగా తీశాక, పెడల్ మెత్తగా కిందికి దిగిపోకుండా నిలిచిందని చూసుకుని, ఖాళీ పార్కింగ్ స్థలంలో మెల్లగా రెండు మూడు సార్లు ఆపి చూడకుండా మాత్రం రోడ్డెక్కవద్దు.