జంట నక్షత్రాలు కలిసే పుడతాయా, దారిలో కలుస్తాయా?

చుక్కలపిచ్చి:
సప్తర్షి మండలంలోని వసిష్ఠ నక్షత్రాన్ని చిన్న టెలిస్కోప్‌లోంచి చూస్తే రెండుగా కనిపించింది. పక్కనున్న అరుంధతి సంగతి కాదు, వసిష్ఠే రెండు! ఇవి ఎక్కడెక్కడో పుట్టి, తిరుగుతూ తిరుగుతూ గురుత్వాకర్షణకు చిక్కి జంటయ్యాయా?

నీహారిక:
అలా జరగడం చాలా అరుదండీ. దూరం నుంచి వచ్చే నక్షత్రం దగ్గరయ్యేకొద్దీ వేగం పుంజుకుంటుంది, ఆ వేగంతోనే ఓ వంపు తిరిగి వెళ్లిపోతుంది. ఆగాలంటే కొంత శక్తిని వదిలించుకోవాలి. అందుకు సరిగ్గా ఆ సమయానికి మూడో నక్షత్రం అక్కడుండాలి. కిక్కిరిసిన నక్షత్ర గుచ్ఛాల్లో తప్ప అంతగా కలిసిరాదు. పైగా జంటలో రెండింటి వయసు, రసాయన కూర్పు సాధారణంగా ఒకేలా ఉంటాయి. అపరిచితులైతే అలా ఎందుకుంటాయి?

దాదాపు అన్నీ పుట్టుకతోనే జంటలు. నక్షత్రాలు పుట్టే చల్లని మేఘం లోపలంతా అలజడే. అందులో రెండుచోట్ల వాయువు చిక్కబడితే, ఎక్కడిదక్కడ కుంగి రెండు నక్షత్రాలవుతాయి. మొదట్లో వాటి మధ్య దూరం భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి వందలు, వేల రెట్లు ఉండొచ్చు.

నాకు ఇష్టమైనది మాత్రం రెండో దారి. మేఘం కుంగేకొద్దీ గిర్రున తిరగడం పెరిగి, పసి నక్షత్రం చుట్టూ పళ్లెంలాంటి వాయు డిస్క్ ఏర్పడుతుంది. పైనుంచి వాయువు ఆగకుండా వచ్చి పడుతుంటే డిస్క్ బరువెక్కి నిలకడ తప్పుతుంది, సర్పిలాకారపు చేతులు సాగుతాయి. ఒక చేతిలో ముద్దకట్టిన వాయువే ఇంకో నక్షత్రం. ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 2016లో ఆల్మా (చిలీలోని రేడియో టెలిస్కోపుల సముదాయం) పరిశీలనల్లో, నక్షత్రాలు పుట్టే పెర్సియస్ మేఘంలోని ఎల్1448 ఐఆర్‌ఎస్3బి అనే చోట సరిగ్గా ఇలాంటి డిస్కే దొరికింది. మధ్యలో రెండు పసి నక్షత్రాలు ఒకదానికొకటి భూమి-సూర్యుల దూరానికి 61 రెట్ల దూరంలో, మూడోది 183 రెట్ల దూరాన సర్పిలపు చేతిలోనే.

చుక్కలపిచ్చి:
బాగుంది. మరి రోజుల వ్యవధిలో చుట్టి వచ్చే జంటల మాటేమిటి? వసిష్ఠలో పెద్దది కూడా మళ్లీ జంటేనట, 20 రోజులకో చుట్టు!

లెక్కలమాస్టారు:
అవును. దాని వర్ణపట గీతలు (వెలుగును రంగులుగా విడగొడితే కనిపించే నల్లని గీతలు) రెండుగా చీలడం చూసి 1889లోనే పట్టుకున్నారు.

అంత దగ్గరగా మాత్రం పుట్టలేవు. నక్షత్రం కట్టుకునే తొలి దశలో ఉండే వాయు గోళమే భూకక్ష్య కన్నా చాలా పెద్దది, అందులో రెండో దానికి చోటెక్కడ? దూరంగా పుట్టి తర్వాత జరిగి రావాల్సిందే. చాలామంది మూడో నక్షత్రం చేసిన పని అంటారు. అది కక్ష్యను సాగదీస్తే, దగ్గరైనప్పుడల్లా ఒకదాన్నొకటి లాగే ఆటుపోట్ల రాపిడికి జంట కుదించుకుపోతుంది. 2006లో వచ్చిన ఒక సర్వేలో 3 రోజుల్లోపు చుట్టే జంటల్లో 96 శాతానికి మూడో తోడు ఉన్నట్టు తేలింది కూడా.

అయినా నా ఓటు వాయువుకే. మూడో నక్షత్రం పని చాలాసార్లు కోట్ల ఏళ్లు పట్టే నిదానపు వ్యవహారం. కొద్ది లక్షల, పదుల లక్షల ఏళ్ల వయసు నక్షత్రాల్లోనే దగ్గరి జంటలు దొరుకుతున్నాయి. చుట్టూ వాయువు ఇంకా ఉండగానే, దాని ఈడ్పుకే చాలావరకు దగ్గరై ఉండాలి.